డెస్క్‌టాప్ గోడకు తగిలించిన వెబ్

విండోస్ 98, ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్ల చుట్టూ తిరిగినవాళ్లకు ఒక తెల్లటి తెర గుర్తుండే ఉంటుంది. సిస్టమ్ ఉన్నట్టుండి హ్యాంగ్ అయ్యేది. రీస్టార్ట్ చేస్తే నిన్నటిదాకా ఉన్న హీరో ఫొటో మాయమై, సున్నం కొట్టిన గోడ లాంటి డెస్క్‌టాప్ ప్రత్యక్షమయ్యేది. దాని మీద ‘యాక్టివ్ డెస్క్‌టాప్ రికవరీ’ అని శీర్షిక, అనుకోని పొరపాటు జరిగింది కాబట్టి ముందుజాగ్రత్తగా దాన్ని ఆపేశామని ఒక సంజాయిషీ, మళ్లీ తెచ్చుకోవడానికి ఒక బటన్. ఆ బటన్ నొక్కితే చాలాసార్లు వచ్చేది స్క్రిప్ట్ ఎర్రరే. సెంటర్ కుర్రాడు విసుక్కుంటూ వచ్చి, రైట్‌క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి హీరోను మళ్లీ నిలబెట్టి పోయేవాడు. యాక్టివ్ డెస్క్‌టాప్ అంటే ఏమిటని అతన్నీ ఎవరూ అడగలేదు, అతనూ ఎవరినీ అడగలేదు.

హీరో ఫొటోకూ ఈ గొడవకూ సంబంధం లేకపోలేదు. విండోస్ 98లో బీఎంపీ కాకుండా జేపీజీ ఫొటోను వాల్‌పేపర్‌గా పెట్టబోతే, యాక్టివ్ డెస్క్‌టాప్ ఆన్ చేయాలి, చేయమంటారా అని అడిగేది. అందరూ ‘యస్’ కొట్టేవాళ్లు. ఇంటర్నెట్‌ను డెస్క్‌టాప్ మీదికి దించాలని మైక్రోసాఫ్ట్ తలపెట్టిన అంత పెద్ద సరంజామాను, నెట్ కనెక్షనే లేని సిస్టమ్‌లలో కూడా, జనం ఒక్క ఫొటో తగిలించుకునే మేకులా వాడుకున్నారన్నమాట.

ఆ సరంజామా 1997 సెప్టెంబర్ ఆఖరున ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు వచ్చింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి అది విండోస్ 98లో భాగమైపోయింది. వాల్‌పేపర్ ఉండాల్సిన చోట ఏకంగా ఒక వెబ్ పేజీని పరుచుకోవచ్చు. దాని మీద చిన్న చిన్న కిటికీల్లా ఇంకొన్ని పేజీలు అతికించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ పెట్టిన గ్యాలరీలో షేర్ల ధరలు పాకుతూ పోయే పట్టీ, వాతావరణ పటం, జావాలో రాసిన గోడ గడియారం, ఏ ఉపగ్రహం భూమి మీద ఎక్కడుందో చూపించే నాసా వారి జె-ట్రాక్ ఉండేవి. తెర అంచున నిలువుగా ‘చానల్ బార్’ అనే ఇంకో పట్టీ. టీవీలో చానళ్లలాగే డిస్నీ, ఎంఎస్ఎన్‌బీసీ వంటి సంస్థల బొమ్మలు అందులో వరసగా ఉండేవి. ఒక దానికి చందాదారు అయితే, కంప్యూటర్ తనంతట తనే వేళ ప్రకారం వెళ్లి ఆ సైటులోని సరుకు దింపుకొచ్చి పెట్టేది.

ఆ ఏడాదంతా ‘పుష్’ జ్వరం. జనం వెబ్ దగ్గరకు వెళ్లరు, వెబ్బే జనం దగ్గరకు వస్తుందని పత్రికలు ముఖచిత్ర కథనాలు రాశాయి. దానికి మూలపురుషుడు పాయింట్‌కాస్ట్. 1996లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు స్క్రీన్‌సేవర్ బదులు వార్తలు, షేర్ల ధరలు, వాటి మధ్యలో ప్రకటనలు తిప్పేది. 1997 మొదట్లో రూపర్ట్ మర్డోక్ కంపెనీ దీనికి 45 కోట్ల డాలర్లు ఇవ్వజూపిందని చెప్పుకున్నారు. బేరం కుదరలేదు. 1999లో చివరికి అమ్ముడుపోయినప్పుడు పలికింది సుమారు 70 లక్షల డాలర్లు. మధ్యలో ఏం జరిగిందంటే, ఒక ఆఫీసులో వందల కంప్యూటర్లు ఎవరూ చూడని వార్తల కోసం ఒకేసారి నెట్‌వర్క్ మీద పడుతుంటే అసలు పని నడవక, చాలా కంపెనీలు దాన్ని గేటు బయటే ఆపేశాయి.

యాక్టివ్ డెస్క్‌టాప్ పుట్టుకలో సౌకర్యం కంటే వ్యాపారం పాలే ఎక్కువని చెప్పక తప్పదు. అప్పుడు నెట్‌స్కేప్‌తో మైక్రోసాఫ్ట్‌కు బ్రౌజర్ యుద్ధం నడుస్తోంది. బ్రౌజర్ ఒక విడి సరుకు, దాన్ని విండోస్ నుంచి వేరు చేయొచ్చు అన్న వాదనకు, డెస్క్‌టాప్‌నే బ్రౌజర్‌గా మార్చేయడం కంటే గట్టి జవాబు ఏముంటుంది? 1998 మే నెలలో అమెరికా న్యాయశాఖ వేసిన గుత్తాధిపత్య కేసులో ఈ కలగలుపు గురించీ, చానల్ బార్‌లో చోటు కోసం సైట్ల యజమానులతో చేసుకున్న ఒప్పందాల గురించీ చాలా చర్చ జరిగింది. తమాషా ఏమిటంటే, అంత పోట్లాడుకున్న ఆ చానల్ బార్‌ను చాలామంది మూసేసి పెట్టుకున్నారు.

మన దగ్గర పరిస్థితి ఇంకా వేరు. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న దేశంలో ఇంటర్నెట్‌ను జనానికి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వేగం 9.6 కేబీపీఎస్. తర్వాత 28.8 మోడెమ్‌లు వచ్చాయి. లైను ఎంత శుభ్రంగా ఉన్నా, 100 కేబీల చిన్న పేజీ దిగాలంటే దాదాపు అర నిమిషం. అంతసేపూ ఇంట్లో ఫోన్ ఎంగేజ్. నెట్ వాడినంతసేపూ ఇటు అకౌంట్‌లో గంటలు, అటు ఫోన్ బిల్లు కరిగిపోతున్న ఇంట్లో, మన ప్రమేయం లేకుండా వాల్‌పేపర్ వెళ్లి వార్తలు తెచ్చుకుంటానంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు?

తెలుగువాళ్లకు మాత్రం అదే ఎక్స్‌ప్లోరర్ 4 ఇంకోరకంగా పనికొచ్చింది. పేజీతో పాటు ఫాంట్‌ను కూడా పంపించే ‘డైనమిక్ ఫాంట్’ పద్ధతిని మైక్రోసాఫ్ట్ అందులోనే పెట్టింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, గౌతమి ఫాంట్‌తో సహా అది విండోస్‌లోకి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అందాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, కొన్ని తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో ఈ దారినే నెట్టుకొచ్చాయి. ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగుగా కనబడిన వార్త ఇంకో బ్రౌజర్‌లో పిచ్చి గీతలుగా మారేది. ఆ గీతలను యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే యాడ్-ఆన్ రావాల్సి వచ్చింది. గోడ మీది వెబ్ మనకు అక్కరకు రాలేదు గానీ, దాని వెంట వచ్చిన ఫాంట్ అన్నం పెట్టింది.

ఇంత ఖర్చు పెట్టిన ఆలోచన ఎందుకు నిలబడలేదు? వేగం చాలకనే అని చెబితే సగమే చెప్పినట్టు. ఇప్పుడు పల్లెల్లోనూ ఫైబర్ ఉంది, అయినా డెస్క్‌టాప్ మీద వెబ్ పేజీ పెట్టుకున్నవాళ్లు అరుదు. అసలు చిక్కు వాల్‌పేపర్ ఉన్న చోటులోనే ఉంది. పని చేస్తున్నంతసేపూ దాని మీద ఏదో ఒక కిటికీ కప్పే ఉంటుంది. అది కనబడేది అన్నీ మూసేసినప్పుడు, అంటే కంప్యూటర్‌తో మనకు పని లేనప్పుడు. చదవాల్సిన సరుకును అలాంటి చోట పెట్టడం, పెళ్లి భోజనాల జాబితాను పెరటి గోడ మీద రాసినట్టే.

అలాగని గోడ సమాచారానికి పనికిరాదని కాదు. తెలుగు ఇళ్లలో వెంకట్రామ వారి క్యాలెండర్‌ను చూడండి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, పండుగ, సెలవు అన్నీ ఒక్కో తేదీ గడిలో ఇమిడిపోతాయి. దాన్ని కూర్చుని ఎవరూ చదవరు. కాఫీ గ్లాసు పట్టుకుని పోతూ పోతూ ఒక చూపు వేస్తారు. పాలవాడు రాని రోజు చుట్టూ పెన్నుతో సున్నా చుడతారు. నెలకొక్కసారే కాగితం తిరుగుతుంది. గోడ మీద నిలిచే సమాచారం తీరు అది: ఒక్క చూపులో అందాలి, నెమ్మదిగా మారాలి, మనల్ని ఏమీ అడగకూడదు.

ఈ మూడు లక్షణాలూ ఉన్న ప్రయోగం ఒకటి వెబ్ పుట్టిన తొలినాళ్లలోనే, వెబ్‌తో సంబంధం లేకుండా విజయవంతమైంది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లేబొరేటరీలో ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ పాత్ర ఉండేది. పరిశోధకులు వేర్వేరు అంతస్తుల్లో కూర్చునేవాళ్లు. మెట్లు దిగి వస్తే పాత్ర ఖాళీ. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్‌కీ అనే ఇద్దరు ఆ పాత్రకు ఎదురుగా ఒక కెమెరా బిగించి, నిమిషానికి మూడుసార్లు మారే చిన్న నలుపు తెలుపు బొమ్మను అందరి తెరల మూలలోకి పంపించారు. అడ్డం 128, నిలువు 128 చుక్కల బొమ్మ. కాఫీ ఉందా లేదా, అంతే. 1993లో దాన్ని వెబ్‌కు ఎక్కించాక ప్రపంచమంతా చూసింది, తొలి వెబ్‌క్యామ్ అని పేరొచ్చింది, 2001లో ఆపేశారు. అయితే అది వెబ్‌కు ఎక్కకముందే ఎవరి పని చోట వాళ్లకు అక్కరకొచ్చిన ఒక తెర మూల బొమ్మ అన్న సంగతే ఇక్కడ ముఖ్యం.

యూనిక్స్, లినక్స్ వాడేవాళ్లు ఈ కిటుకును తొందరగా పట్టుకున్నారు. 1990లలోనే ఎక్స్‌ఎర్త్ అనే ప్రోగ్రామ్ వాల్‌పేపర్ చోట భూగోళాన్ని గీసి, ఆ క్షణాన ఎక్కడ పగలో ఎక్కడ రాత్రో నీడతో చూపించేది. దాని తర్వాతి తరం ఎక్స్‌ప్లానెట్ ఇంటర్నెట్ నుంచి మేఘాల పటం తెచ్చి ఆ గోళం మీద కప్పేది. కేడీఈ 3 అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో కేవెబ్‌డెస్క్‌టాప్ అని ఇంకా తెలివైనది ఒకటి ఉండేది. మనం చెప్పిన వెబ్ పేజీని అది గోడ మీద నడిపేది కాదు. తెర వెనకే పేజీని తెరిచి, ఒక ఫొటో తీసి, ఆ ఫొటోను వాల్‌పేపర్‌గా పెట్టి, మనం చెప్పినంతసేపటికి మళ్లీ తీసేది. పేజీలో స్క్రిప్టులు ఎంత గోల చేసినా డెస్క్‌టాప్‌కు తాకేది కాదు. మైక్రోసాఫ్ట్ అంత ఆర్భాటం చేసిన చోట వీళ్లు ఒక ఫొటోతో సరిపెట్టారు.

విండోస్‌లోనూ ఆఫీసుల్లో సిస్టమ్ అడ్మిన్‌లకు బాగా తెలిసిన బీజీఇన్ఫో అదే బాపతు. సిస్‌ఇంటర్నల్స్ వారిది, ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసింది. కంప్యూటర్ పేరు, ఐపీ అడ్రస్, డిస్కులో మిగిలిన జాగా వంటివి వాల్‌పేపర్ మీద అక్షరాలుగా రాసి, దాన్ని మామూలు బొమ్మగా పెట్టేస్తుంది. ఇరవై సర్వర్లలోకి రిమోట్‌గా వెళ్లి వచ్చేవాడికి తను ఇప్పుడు ఏ సర్వర్‌లో ఉన్నాడో గోడే చెబుతుంది. తప్పు సర్వర్‌ను రీస్టార్ట్ చేసే ముప్పు తగ్గుతుంది.

నిజంగా నడిచే పేజీ గోడ మీద ఉంటే ఏమవుతుందో 2005 ప్రాంతంలో జనానికి బాగా తెలిసొచ్చింది. స్పైషెరిఫ్ లాంటి దొంగ యాంటీవైరస్‌లు సిస్టమ్‌లోకి చొరబడి, వాల్‌పేపర్ చోట ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ పరిచేవి. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే బాగుచేసుకోండి’ అని హెచ్చరిక. నొక్కితే డబ్బు కట్టమనే సైటుకు తీసుకెళ్లేది. మార్చుకుందామంటే డెస్క్‌టాప్ సెట్టింగులు కూడా మూసేసి ఉండేవి. 2007లో జనం చేతికొచ్చిన విస్టాలో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డెస్క్‌టాప్‌ను తీసేసినప్పుడు కన్నీళ్లు పెట్టినవాళ్లు కనబడలేదు.

దాని బదులు వచ్చినవి విడ్జెట్లు, గ్యాడ్జెట్లు. ఈ దశ గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. 2003లో మ్యాక్ మీద కన్‌ఫ్యాబ్యులేటర్, 2005లో ఆపిల్ వారి డ్యాష్‌బోర్డ్, తర్వాత గూగుల్ డెస్క్‌టాప్, విస్టా సైడ్‌బార్: అన్నీ హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ వంటి వెబ్ సరుకుతో కట్టిన చిన్న చిన్న గూళ్లే. గూగుల్ 2011లో మానేసింది. 2012 జులైలో మైక్రోసాఫ్ట్ తన గ్యాడ్జెట్లను వెంటనే ఆపేసుకోండని తనే భద్రతా హెచ్చరిక ఇచ్చింది, ఎందుకంటే దుర్మార్గంగా రాసిన గ్యాడ్జెట్ మొత్తం కంప్యూటర్‌ను చేజిక్కించుకోగలదు. ఆపిల్ 2019లో డ్యాష్‌బోర్డ్‌కు మంగళం పాడి, 2023లో సొనోమా వెర్షన్‌తో విడ్జెట్లను మళ్లీ డెస్క్‌టాప్ మీదే పెట్టింది. అవి ఈసారి వెబ్ పేజీలు కావు, వేళకు మారే చిన్న బొమ్మల్లాంటివి. ఏదైనా కిటికీ తెరిస్తే రంగు వెలసి వెనక్కి తగ్గుతాయి.

ఇక ఈ రోజున ఒక వెబ్ పేజీని వాల్‌పేపర్‌గా పెట్టుకోవాలంటే దారి ఏది? మ్యాక్‌లో ప్లాష్ అనే ఉచిత యాప్ ఉంది. సైటు చిరునామా ఇస్తే దాన్ని ఐకాన్ల వెనక పరుస్తుంది. ఎన్ని నిమిషాలకోసారి రీలోడ్ కావాలో చెప్పొచ్చు, పేజీలో అక్కర్లేని భాగాలను సీఎస్ఎస్‌తో దాచేయొచ్చు. మామూలుగా ఆ పేజీ మౌస్‌కు స్పందించదు. నొక్కాలనుకుంటే ‘బ్రౌజింగ్ మోడ్’ ఆన్ చేయాలి. ఈ ఒక్క నిర్ణయంలోనే, 1997 నాటి వాళ్లకు తట్టని తెలివి ఉంది.

విండోస్‌లో లైవ్లీ వాల్‌పేపర్ ఉచితం, స్టీమ్‌లో దొరికే వాల్‌పేపర్ ఇంజిన్‌కు కొద్దిగా ధర. రెండోది 2016లో వచ్చి, ముఖ్యంగా గేమ్స్ ఆడే కుర్రకారులో బాగా పాకింది. ఇవి పని చేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. వెబ్ పేజీని ఐకాన్లకూ వాల్‌పేపర్‌కూ మధ్య దూర్చడానికి విండోస్ అధికారికంగా దారి ఇవ్వలేదు. అయితే డెస్క్‌టాప్‌కు లోపల ఇప్పటికీ ‘ప్రోగ్‌మ్యాన్’ అని పేరు, విండోస్ 3 నాటి ప్రోగ్రామ్ మేనేజర్ తాలూకు ఇంటిపేరు. ఆ ప్రోగ్‌మ్యాన్‌కు ఏ పత్రంలోనూ రాయని ఒక సందేశం పంపితే, వాల్‌పేపర్ మారేటప్పుడు ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ తేలడానికని పెట్టుకున్న ‘వర్కర్‌డబ్ల్యూ’ అనే కిటికీ ఐకాన్ల వెనక పుడుతుంది. బ్రౌజర్ కిటికీని తెచ్చి దానికి దత్తత ఇచ్చేస్తారు. అంతే, గోడ మీద వెబ్ పేజీ! పైన ఐకాన్ల పొర ఉంటుంది కాబట్టి మౌస్ కదలికలు దానికి అందవు. వాటిని మధ్యలో పట్టి కిందికి చేరవేయాలి.

దొడ్డిదారికి దొడ్డిదారి కష్టాలే ఉంటాయి. 2024లో విండోస్ 11కు 24హెచ్2 అప్‌డేట్ వచ్చినప్పుడు ఈ పొరల అమరిక మారింది. కొన్ని వాల్‌పేపర్ యాప్‌లు పని చేయలేదు, కొన్ని చోట్ల ఐకాన్లు కనబడకుండా పోయాయి. ఆ యాప్‌లు ఉన్న కంప్యూటర్లకు అప్‌డేట్ ఇవ్వడం కొంతకాలం ఆపాల్సి వచ్చింది మైక్రోసాఫ్ట్‌కు.

ఖర్చు లెక్క కూడా చూసుకోవాలి. రెండు ఎంబీల పేజీని ఐదు నిమిషాలకోసారి రీలోడ్ చేస్తే గంటకు 24 ఎంబీలు, ఎనిమిది గంటల పనిరోజుకు 192. ఇంట్లో ఫైబర్ ఉంటే లెక్కలోది కాదు గానీ, రోజుకు ఒకటిన్నర జీబీ ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చే విద్యార్థికి ఎనిమిదో వంతు గోడకే పోతుంది. లాప్‌టాప్ బ్యాటరీ సంగతి సరేసరి. అందుకే మంచి యాప్‌లన్నీ ఫుల్‌స్క్రీన్‌లో ఏదైనా తెరవగానే పేజీని ఆపేస్తాయి. ఇంకో ఇబ్బంది మీటింగులది. మెయిల్ పెట్టెనో సొంత క్యాలెండర్‌నో గోడకు తగిలించినవాడు, ఆన్‌లైన్ సమావేశంలో తెర షేర్ చేసిన క్షణాన తన సంసారమంతా పదిమందికీ చూపించినట్టే.

అన్నీ తూచి చూస్తే గోడకు నప్పే పేజీల జాబితా చిన్నదే. రెండు ఊళ్ల గడియారాలు ఒకటి. డాలస్‌లో కొడుకు లేచాడో లేదో చూసుకుని ఫోన్ చేసే తల్లిదండ్రులకు అది చాలు. ఆఫీసులో సర్వర్ల ఆరోగ్యం చూపే డ్యాష్‌బోర్డ్ ఒకటి, అదీ రెండో మానిటర్ ఉన్నవాళ్లకు. వార్తలు, క్రికెట్ స్కోరు, షేర్లు మాత్రం వద్దు. అవి చూపుతో ఆగనివ్వవు, చేతిని లాగుతాయి.

అన్నిటికంటే బాగా అతికేది భూమి బొమ్మ. జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమావరి-8ను 2014 అక్టోబర్ 7న ప్రయోగించారు. పేరుకు అర్థం పొద్దుతిరుగుడు పువ్వు. అది ప్రతి పది నిమిషాలకూ తనవైపు భూగోళం మొత్తాన్ని ఫొటో తీసేది. 2022 డిసెంబర్ నుంచి ఆ పని హిమావరి-9ది. జపాన్ పరిశోధన సంస్థ ఎన్ఐసీటీ ఆ చిత్రాలను చదరపు ముక్కలుగా వెబ్‌లో పెట్టింది. ఒక్కో ముక్క 550 చుక్కలు. అత్యంత స్పష్టమైన చిత్రానికి అడ్డం 20, నిలువు 20, మొత్తం 400 ముక్కలు. మామూలు తెరకు 16 ముక్కలు సరిపోతాయి. హిమావరిపై అనే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఆ ముక్కలను తెచ్చి, కుట్టి, వాల్‌పేపర్‌గా పెడుతుంది. జపాన్ వేళ ప్రకారం పొద్దున కొలిమి ఎరుపు అంచుతో మొదలైన గోళం మధ్యాహ్నానికి నిండుగా వెలిగి, సాయంత్రానికి నెలవంకలా సన్నబడి, రాత్రికి నల్లబడుతుంది. మన దేశం మాత్రం పడమటి అంచున, కోడిగుడ్డు పక్కన అంటించిన చీటీలా వంపు తిరిగి కనిపిస్తుంది.

దానికి మన దగ్గరే విరుగుడు ఉంది. ఇన్శాట్-3డీఆర్, 3డీఎస్ ఉపగ్రహాలు ఒక్కోటి అరగంటకోసారి చిత్రం తీస్తాయి. వాతావరణ శాఖ తాజా చిత్రాన్ని తన సైటులో మామూలు జేపీజీగా పెడుతుంది. ప్లాష్‌కో లైవ్లీకో దాని చిరునామా ఇస్తే బంగాళాఖాతం గోడ మీదికి వస్తుంది. హిమావరి-8 ఎగిరిన ఐదు రోజులకు, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి తుపానుకూ కోస్తాలో జనం మేఘాల సుడిని ఫోన్‌లో పదేపదే రీఫ్రెష్ చేసి చూడటం అలవాటైపోయింది. తుపాను ఉన్న నాలుగు రోజులూ గోడ మీద పెట్టుకోదగ్గ బొమ్మ అది. తుపాను దారి తెలుసుకోవడానికి మాత్రం వాతావరణ శాఖ బులెటిన్ చదవాల్సిందే, మేఘాల బొమ్మ ఒక్కటే చూసి ఊరు ఖాళీ చేయాలో వద్దో తేల్చుకోకూడదు.

ఈలోగా మైక్రోసాఫ్ట్ కూడా గోడ మీదికి మెల్లగా తిరిగొచ్చింది. విండోస్ 11లో స్పాట్‌లైట్ పెట్టుకుంటే రోజుకొక ఫొటో దానంతట అదే మారుతుంది. బాగానే ఉంటాయి ఫొటోలు. పక్కనే ‘ఈ బొమ్మ గురించి తెలుసుకోండి’ అనే ఐకాన్ ఒకటి కూర్చుంటుంది, నొక్కితే బింగ్‌కు తీసుకెళుతుంది. మామూలు ఐకాన్‌లా డిలీట్ కొడితే పోదు. చానల్ బార్ తాలూకు చుట్టరికం ముఖంలోనే కనిపిస్తుంది.

పాత యాక్టివ్ డెస్క్‌టాప్ కూడా పూర్తిగా పోలేదు. ఆఫీసు కంప్యూటర్లలో వాల్‌పేపర్ మార్చనివ్వకుండా అడ్మిన్‌లు బిగించే గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి, డెస్క్‌టాప్ అన్న ఫోల్డర్‌లోకి, దానిలోపలి డెస్క్‌టాప్ అన్న ఇంకో ఫోల్డర్‌లోకి వెళితే, విండోస్ 10లో కూడా మొదటి వరసల్లోనే ‘ఎనేబుల్ యాక్టివ్ డెస్క్‌టాప్’ అనే మీట ఉంటుంది. దాన్ని ఎంత నొక్కినా గోడ మీదికి వెబ్ పేజీ మాత్రం రాదు.